చిన్న విమానం ఇంజను గాల్లో ఆగిపోతే? తరచుగా అడిగే ప్రశ్నలు

భోగాపురం ఎయిర్‌పోర్టుకి 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. ఆ రెండోదాని నుంచి విజయనగరంలో మా వీధిలో నా హోదా మారిపోయింది. అంతకుముందు నన్ను "ఎక్కడో విమానాల మెకానిక్కట" అనేవారు. ఇప్పుడు పెళ్లి భోజనంలో విస్తరి ముందు కూర్చుంటే చాలు, పప్పు పడేలోపు ఒక ప్రశ్న వచ్చి పడుతుంది. జెట్ విమానాల గురించి అడిగితే నా దగ్గర పెద్దగా సరుకు లేదు. నా బతుకంతా పైలట్ ట్రైనింగుకి వాడే చిన్న విమానాల ఇంజన్ల కిందే గడిచింది. జనం కూడా తిరిగి తిరిగి అడిగేది ఆ చిన్నవాటి గురించే: పైకెళ్లాక ఇంజను ఆగిపోతే ఏంటి గతి? ప్రతి పెళ్లిలోనూ మొదట్నుంచీ చెప్పుకురావడం కష్టంగా ఉంది కాబట్టి అడిగినవి అడిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

"ఇంజనాగిపోతే విమానం రాయిలాగ పడిపోద్దా బాబూ?"

మా పెద్దమ్మ ప్రశ్న ఇది. పడిపోదు పెద్దమ్మా. గాల్లో నిలబెట్టేది రెక్కలు. ఇంజను పని ముందుకి లాగడం వరకే. అది ఆగితే పైలట్ ముక్కు కాస్త దించుతాడు. సాలూరు ఘాటు దిగుతూ తొక్కడం మానేసిన సైకిలు ఎలా పోతుందో, విమానం అలా జారుతూ పోతుంది.

లెక్క కావాలంటే సెస్నా 172 తీసుకోండి. గాలి లేని రోజున, ప్రొపెల్లరు ఊరికే తిరుగుతున్నా, ఒక అడుగు దిగే లోపు దాదాపు తొమ్మిది అడుగులు ముందుకి వెళ్తుంది. 3,000 అడుగుల మీద ఇంజను పోతే ఎనిమిది కిలోమీటర్లు ఎటైనా వెళ్లొచ్చు. అంటే విజయనగరం మీద ఆగితే ఇంచుమించు నెల్లిమర్ల దాకా. అదీ ఆ విమానానికి చెప్పిన జారుడు వేగం, మోడల్‌ని బట్టి 65 నుంచి 68 నాట్లు (గంటకి 120 నుంచి 126 కిలోమీటర్లు), కచ్చితంగా పట్టుకుంటేనే. చేతిలో ఉండే సమయం మాత్రం నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో దిగడానికి చోటు వెతకాలి, ఇంజను ఎందుకు ఆగిందో చూడాలి, రేడియోలో ఆపదలకని ఉంచిన 121.5 ఫ్రీక్వెన్సీ మీద "మేడే" అని సాయం అడగాలి, రాడారుకి విమానం ఆనవాలు పంపే ట్రాన్స్‌పాండరులో 7700 అనే ఆపద కోడు పెట్టాలి. ఆ వరసలోనే. రేడియోలో మాట్లాడుతూ వేగం పోగొట్టుకున్నవాడికి ఎవరూ సాయం చెయ్యలేరు. రాయిలాగ పడేది అప్పుడే.

చిన్న విమానం అంటే ఏది? సౌందర్య ఎక్కినలాంటిదా?

అలాంటిదే. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరు నుంచి కరీంనగర్ ప్రచారానికి బయల్దేరిన ఆ విమానం సెస్నా 180. ఒక్క పిస్టన్ ఇంజను, నాలుగు సీట్లు. లేచిన కొద్ది నిమిషాలకే, ఇంకా కిందికి దగ్గరగా ఉండగానే కూలిపోయి నలుగురూ చనిపోయారు. మన వాళ్లకి చిన్న విమానం అనగానే అదే గుర్తుకొస్తుంది, తప్పు లేదు. కారణం ఏదైనా, తక్కువ ఎత్తులో ఏం జరిగినా సర్దుకోవడానికి వ్యవధి ఉండదన్న సంగతి మాత్రం ఆ పేరు వింటే నాకూ గుర్తొస్తుంది.

ట్రైనింగ్ స్కూళ్లలో ఎక్కువగా కనిపించేవి సెస్నా 152, 172. వాటి లైకమింగ్ ఇంజనులో నాలుగు సిలిండర్లు ఇటు రెండు, అటు రెండు పడుకుని ఉంటాయి. రేడియేటరు లేదు, ఎదురుగా వచ్చే గాలితోనే చల్లబడుతుంది. మీ బులెట్ బండికి అన్నదమ్ముడు అనుకోండి. డైమండ్ డీఏ40లో కొత్త రకం మాత్రం డీజిల్ తరహా ఇంజనుతో వస్తుంది, అది తాగేది జెట్ ఇంధనం. ఈ తేడా కింద మళ్లీ పనికొస్తుంది.

ఇంజను అసలు ఎందుకు ఆగుతుంది?

క్రాంక్‌షాఫ్టు విరిగిందనో, పిస్టన్ పగిలిందనో వినాలని జనానికి సరదా. అవీ జరుగుతాయి. కానీ నన్నడిగితే మొదట చూడాల్సింది పెట్రోలు.

పెట్రోలు అయిపోతుంది. నవ్వకండి, గేజీని నమ్మి పోయినవాళ్లు ఉన్నారు. అందుకే బయల్దేరే ముందు రెక్క మీదికెక్కి, ట్యాంకు మూత తీసి, పుల్ల ముంచి చూడమంటాం. ఉన్నా ఒక్కోసారి ఇంజనుకి అందదు, మీట తప్పు ట్యాంకు వైపు తిప్పి ఉంటుంది. ఇంకోటి నీళ్లు. వానాకాలంలో ట్యాంకు మూత రబ్బరు పాతబడితే రాత్రికి రాత్రి నీళ్లు దిగుతాయి. సగం ఖాళీ ట్యాంకులో తేమ కూడా చెమటపట్టి నీరవుతుంది. నీళ్లు పెట్రోలు కంటే బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. పొద్దున్నే గాజు కప్పులోకి కాస్త వంపి చూస్తే అడుగున వేరే బుడగలా కనిపిస్తాయి. విమానం పెట్రోలు 100ఎల్ఎల్ నీలం రంగులో ఉంటుంది. కప్పు నిండా రంగులేని ద్రవం కనిపిస్తే "అబ్బ, ఎంత శుభ్రంగా ఉందో" అనుకోకూడదు. అది మొత్తం నీళ్లే అయ్యుండొచ్చు, లేదా జెట్ ఇంధనం. సెస్నా 172ఎస్ మోడల్‌లో ఇలా వంపి చూడాల్సిన చోట్లు 13 ఉన్నాయి. పదమూడూ చూసే కుర్రాణ్ణి నేను ఇట్టే గుర్తుపడతాను, వాడి మోకాళ్లకి మట్టి ఉంటుంది.

జెట్ ఇంధనం పొరపాటున పోస్తే మరీ మోసం. పైపుల్లో మిగిలిన పెట్రోలుతో ఇంజను చక్కగా స్టార్టవుతుంది, రన్‌వే దాకా పోతుంది, లేస్తుంది కూడా. ఆ తరవాత సిలిండర్లలో టపటపలు మొదలవుతాయి. ఒకే స్కూల్లో సెస్నాలూ డీజిల్ డైమండ్లూ పక్కపక్కన ఉన్నప్పుడు నింపేవాడి మీద ఒక కన్ను ఉంచాలి. అనుమానం వస్తే తెల్ల కాగితం మీద ఒక చుక్క వెయ్యండి. పెట్రోలైతే ఆరిపోతుంది, జెట్ ఇంధనమైతే బజ్జీల పొట్లం మీద నూనెలాగ మరక ఉండిపోతుంది.

పెట్రోలు తరవాత గాలి, నిప్పు, ఆయిలు. గాలి సంగతి తర్వాతి ప్రశ్నలో చెప్తాను. నిప్పుకి ప్రతి సిలిండరుకీ రెండేసి ప్లగ్గులు, వాటికి రెండు వేర్వేరు మాగ్నెటోలు. బ్యాటరీ చచ్చిపోయినా మాగ్నెటో తన కరెంటు తనే పుట్టించుకుంటుంది కాబట్టి ఇంజను ఆగదు. ఒక మాగ్నెటో పోయినా రెండోది ఇంటికి చేరుస్తుంది. ఆయిలు పోతే మాత్రం ఇంజను కొద్ది నిమిషాల్లో బిగుసుకుపోతుంది. వాల్వులు ఇరుక్కోవడం ఇంకో జబ్బు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఒక సిలిండరు తడబడి, వేడెక్కాక సర్దుకుంటుంది. "వేడెక్కితే బానే ఉంది సార్" అని వదిలేస్తారు. ఇంజను తన జబ్బు తనే చెప్పింది, వీళ్లు వినలేదు.

మన ఎండల్లో మంచెక్కడిదండీ?

ఈ జవాబుని ఎవరూ నమ్మరు. పెళ్లి వంటల దగ్గర చూడండి. పెద్ద పొయ్యి మీద గంటసేపు వండితే గ్యాసు బండ బయట చెమట పట్టి, తెల్లగా నురగలాంటి మంచు కడుతుంది. వంటవాళ్లు దాని మీద నీళ్లు పోస్తుంటారు. మే నెలలో, అంత మంట పక్కన మంచు! లోపల ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది కాబట్టి.

పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి పంపే కార్బ్యురేటరులో జరిగేదీ అదే. పెట్రోలు ఆవిరవుతుంది, ఇరుకు గొంతులోంచి గాలి దూసుకెళ్తుంది. రెండూ కలిసి అక్కడి వేడిని 30 డిగ్రీలకు పైగా పడగొట్టగలవు. గాలిలో తేమ ఉంటే గొంతు చుట్టూ మంచు పేరుకుంటుంది. బయట 38 డిగ్రీలున్నా, తేమ సగమే ఉన్నా ఇది సాధ్యమని పైలట్ల పాఠ్యపుస్తకాల్లోనే ఉంటుంది. ఇక భోగాపురం, చింతపల్లి, కళింగపట్నం వైపు సముద్రం గాలిలో తేమకి కొదవేముంది? దిగడానికి థ్రాటిల్ (బండికి యాక్సిలరేటరు లాంటిది) తగ్గించినప్పుడు ప్రమాదం ఎక్కువ, గొంతు ఇంకా ఇరుకవుతుంది.

తెలిసే గుర్తు: ఆర్పీఎం, అంటే నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు, మెల్లగా, దొంగలాగ తగ్గుతుంది. కుర్ర పైలట్ థ్రాటిల్ కాస్త పెంచి ఊరుకుంటాడు. మళ్లీ తగ్గుతుంది. కార్బ్ హీట్ మీట లాగితే పొగగొట్టం దగ్గరి వేడి గాలి లోపలికి వెళ్తుంది. కరిగిన నీళ్లు సిలిండర్లలోకి పోయి ఇంజను ముందు ఇంకా ఎక్కువ దగ్గుతుంది, భయపడి మీట వెనక్కి తోసేస్తే కథ ముగిసినట్టే. అలాగే ఉంచితే అర నిమిషం నుంచి కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. పొలంలో దిగిపోయిన విమానాన్ని మేం వెళ్లి చూసేసరికి మంచు కరిగిపోయి ఉంటుంది. స్టార్ట్ చేస్తే ఇంజను శుభ్రంగా తిరుగుతుంది. మేం తల గోక్కుంటాం. 172ఎస్ లాంటి ఇంజెక్షన్ ఇంజన్లకి కార్బ్యురేటరే లేదు కాబట్టి ఈ బెడద లేదు.

ఒక్క ఇంజనుని నమ్ముకుని ఎక్కడం తెగింపు కాదా? రెండుంటే నయం కదా?

దసరా వెళ్లిన మంగళవారం మా విజయనగరం సిరిమానోత్సవంలో పైడితల్లి అమ్మవారి పూజారి ఎక్కి ఊరేగేది ఒక్క మాను. చదురుగుడికీ కోటకీ మధ్య మూడుసార్లు, అంత జనం మీదుగా. చింతమానుని చూసి ఎంచి, చెక్కి, కట్లన్నీ ఒకటికి పదిసార్లు బిగించి చూసుకున్నాకే లేపుతారు. ఇంకో మాను ఉంటే బాగుండేదని ఎవరూ అనరు.

రెండు ఇంజన్ల చిన్న విమానంలో ఒకటి ఆగితే రెండోది విమానాన్ని ఒక పక్కకి గుంజుతుంది. టేకాఫ్‌లో ఆ గుంజుడుని వెంటనే ఆపలేకపోతే తిరగబడుతుంది. పైగా నిర్వహణ ఖర్చు రెట్టింపు. ఖర్చుకి వెనకాడి రెండు ఇంజన్లని అరకొరగా చూసుకునేవాడి కంటే ఒక్కదాన్ని ఒళ్లు దగ్గర పెట్టుకుని చూసుకునేవాడి విమానమే నేనెక్కుతాను.

50 గంటల తనిఖీ, 100 గంటల తనిఖీ అంటారు. అందులో చేసేదేంటి?

గంటలంటే ఇంజను తిరిగిన గంటలు. ఫిల్టరున్న ఇంజనుకి 50 గంటలకి ఆయిలు, ఫిల్టరు మార్చాలి. తక్కువ తిరిగినా నాలుగు నెలలకి మార్చాలి. ఈ రెండో మాట చాలామందికి చెవికెక్కదు.

100 గంటల తనిఖీ అంటే మూతలన్నీ విప్పేసి, ఇంజనుని కడిగి, టార్చి పట్టుకుని కూర్చోవడం. కడగక ముందు ఒకసారి చూడాలి. ఆయిలు ఎక్కణ్ణించి కారుతోందో, పొగగొట్టం పగులు దగ్గర బూడిద రంగు చార ఎక్కడుందో మురికి చెప్తుంది. ముందే కడిగేస్తే సాక్షిని వెళ్లగొట్టినట్టు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని కంప్రెషన్ పరీక్ష. పిస్టన్‌ని పైకి తెచ్చి, ప్లగ్గు కన్నంలోంచి 80 పౌండ్ల గాలి వదులుతాం. ప్రొపెల్లరు తిరగబోతుంది, గట్టి మనిషి ఒకడు దాన్ని పట్టుకుని నిలబడాలి. రెండో గేజీ మీద 75 నిలబడితే సంతోషం. 60కి దిగిపోతే ఆ సిలిండరు ఊడదియ్యాల్సి రావొచ్చు. అంకె కంటే ముఖ్యం చెవి. గాలి పొగగొట్టంలోంచి ఈలేస్తే ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతోంది. కార్బ్యురేటరు వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు. ఆయిలు పోసే గొట్టంలో బుసకొడితే రింగులు అరిగాయి. మా గురువుగారు పక్క షెడ్డులో గ్రైండరు ఆపించి మరీ వినేవారు.

తరవాత ఫిల్టరు. తీసి పారేస్తే సగం తనిఖీ పారేసినట్టే. దాని డబ్బాని ప్రత్యేకమైన కట్టరుతో కోస్తాం, హాక్సా బ్లేడుతో కాదు. హాక్సా పెడితే దాని రజనే లోపల పడి, ఇంజనులోంచి వచ్చిందేమో అని గుండె ఆగుతుంది. మడతల కాగితాన్ని విప్పి వెలుతురులో పరుస్తాం. అయస్కాంతం తిప్పితే అంటుకున్నది ఇనుము, అంటే వాల్వుల్ని తెరిపించే క్యామో ట్యాపెట్టో. అంటుకోకుండా మెరిసేది అల్యూమినియం, పిస్టనో పిన్ను ప్లగ్గో. చిన్న చిన్న నల్ల పలుకులు బొగ్గు, దానికి దడుచుకోనక్కర్లేదు. కొత్త సిలిండరు వేసిన మొదట్లో కాస్త రజను సహజం. పది గింజలు కనిపిస్తే రాసి ఉంచుకుని త్వరగా మళ్లీ చూస్తాం, అర చెంచాడు కనిపిస్తే ఆ విమానం ఆ రోజు హ్యాంగరు (విమానాల షెడ్డు) దాటదు.

ప్లగ్గులు తీసి, సీసం పేరుకున్నవి గోకి, పైవి కిందికి కిందివి పైకి మారుస్తాం. పెట్రోలు గొట్టాలు, థ్రాటిల్ కేబుళ్లు, ఇంజనుని పట్టి ఉంచే మౌంటు, రబ్బరు అడ్డుతెరలు, సేఫ్టీ వైర్లు చూస్తాం. మాగ్నెటోని సాధారణంగా 500 గంటలకోసారి విప్పుతారు. అన్నిటి గురించీ రాస్తే పేజీలు చాలవు, చదివేవాళ్లకి ఓపికా చాలదు.

ఇంజను ఆయుష్షు ఎంత?

చాలా లైకమింగ్ ఇంజన్లకి ఓవర్‌హాల్ (మొత్తం విప్పి బాగుచెయ్యడం) గడువు 2,000 గంటలు లేదా 12 ఏళ్లు, ఏది ముందైతే అది. 152లో ఉండే ఓ-235కి 2,400 గంటల దాకా ఉంది. 2,000 గంటలంటే చిన్న విమానం వేగంతో మూడున్నర లక్షల కిలోమీటర్లు. 1,999వ గంట దాకా గ్యారంటీ అని దానర్థం కాదు. ఓవర్‌హాల్ అయిన మొదటి గంటల్లో పోయిన ఇంజన్లు కూడా ఉన్నాయి.

తక్కువ తిరిగిన సెకండ్‌హ్యాండ్ విమానం మంచి బేరమేనా?

"ఇరవై ఏళ్లలో 600 గంటలే తిరిగింది సార్, కొత్తదే అనుకోండి" అని ఒకాయన ఫోటోలు పంపించాడు. నేను అనుకోను.

ముక్కాం, కోనాడ వైపు బోట్లున్నవాళ్లని అడగండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం. రోజూ వేటకెళ్లినప్పుడు మొరాయించని ఇంజను, రెండు నెలలు ఒడ్డున కూర్చుంటే చాలు, ఉప్పు గాలి తిని బిగుసుకుంటుంది. లైకమింగ్ ఇంజనులో ఇంకో తిరకాసు ఉంది. క్యామ్‌షాఫ్టు క్రాంక్ కంటే పైన ఉంటుంది. ఇంజను ఆపేస్తే ఆయిలంతా కిందికి కారిపోయి క్యామ్ ఎండిపోతుంది. తేమకి దాని మీద సన్నటి తుప్పు పడుతుంది. మళ్లీ తిప్పిన రోజున ఆ తుప్పు ఉప్పు కాగితంలాగ ట్యాపెట్లని గీరుతుంది. వాటి పని పడుతున్న సంగతి ఫిల్టరులో ఇనుము కనిపించేదాకా బయటపడదు.

"వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపుతున్నాం" అంటారు. అది ఇంకా చెడ్డ పని. ఇంజను మండితే నీరు పుడుతుంది. ఆయిలు బాగా వేడెక్కేదాకా, అంటే గాల్లో అరగంట పైన తిరిగేదాకా ఆ నీరు ఆవిరైపోదు. నేల మీద పది నిమిషాలు తిప్పితే ఆయిల్లోకి నీళ్లు కలిపినట్టు. అయితే ఎగరెయ్యండి, లేదా నిల్వ ఆయిలు పోసి, కన్నాలన్నీ మూసి, తేమ పీల్చే ప్లగ్గులు పెట్టి పడుకోబెట్టండి.

ఇప్పుడే సర్వీసింగ్ అయింది కదా, ధీమాగా ఎక్కొచ్చా?

ఆ రోజే ఎక్కువ జాగ్రత్తగా ఉండమంటాను. విప్పిన చోటల్లా తప్పు బిగించే అవకాశం కూడా విప్పుకుంటుంది.

నా సంగతే చెప్తాను. పనిలో చేరిన రెండో ఏడు, ఒక ట్రైనింగ్ స్కూలు హ్యాంగరులో 100 గంటల తనిఖీ. కార్బ్యురేటరుకి వెళ్లే పెట్రోలు గొట్టం నట్టుని చేత్తో తిప్పి పెట్టాను, స్పానరు అందుకోబోతుంటే ఎవరో భోజనానికి పిలిచారు. వెళ్లాను. వచ్చాక పక్క పని మొదలెట్టాను. ఆ నట్టు నా బుర్రలో బిగిసిపోయింది, గొట్టం మీద మాత్రం బిగియలేదు. గురువుగారు మూత వేసే ముందు చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ ఒకసారి తిరిగేవారు. ఆ నట్టు మీద ఎర్ర రంగు గీత లేదని చూశారు. మేం టార్క్ రెంచితో బిగించాక నట్టు మీద నుంచి పక్కన ఉన్న భాగం దాకా ఒక గీత గీస్తాం, కదిలితే గీత తెగుతుంది. ఆయన నన్ను తిట్టలేదు. స్పానరు చేతికిచ్చి, "భోజనానికి వెళ్తూ ఏ నట్టు మీదున్నావో దాని మీద ఎర్ర గుడ్డ కట్టిపో" అన్నారు. ఇప్పటికీ నా జేబులో ఎర్ర గుడ్డ ఉంటుంది. మా ఆవిడ ఉతికేటప్పుడు విసుక్కుంటుంది.

అందుకని తనిఖీ ముగిసిన విమానాన్ని మొదట నేల మీద తిప్పి, ఆయిలు కారుతోందేమో చూసి, తరవాత అనుభవమున్న పైలట్ ఒక్కడే ఎక్కి రన్‌వే దగ్గర్లోనే గాల్లో చుట్లు కొట్టి రావాలని నా పట్టుదల. కొత్త కుర్రాడు మొదటిసారి ఒంటరిగా ఎగిరే సోలోకి ఆ విమానం ఇవ్వకూడదు.

బాగుందని సంతకం పెట్టేది ఎవరు?

విమానాల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ డీజీసీఏ ఇచ్చిన లైసెన్సున్న ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీరు, మా భాషలో ఏఎంఈ. పిస్టన్ విమానాలకి బీ1.2 అనే విభాగం. పని అయ్యాక సర్టిఫికెట్ ఆఫ్ రిలీజ్ టు సర్వీస్ మీద ఆయన సంతకం పడాలి, లేకపోతే విమానం కదలకూడదు. విమానం ఎగరడానికి పనికొస్తుందని చెప్పే ఎయిర్‌వర్దీనెస్ రివ్యూ సర్టిఫికెట్ ఏడాదికోసారి పొడిగించుకోవాలి. చట్టం కూడా మారింది, 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లో ఉంది. ప్రమాదం జరిగితే దర్యాప్తు చేసేది డీజీసీఏ కాదు, దానికి ఏఏఐబీ అని వేరే సంస్థ. వాళ్లు వచ్చి మొదట అడిగే కాగితాల్లో మా లాగ్‌బుక్కులుంటాయి.

రైట్ సోదరుల పేరు బడి పిల్లలందరికీ తెలుసు. 1903లో వాళ్ల విమానానికి ఇంజను చేసిచ్చిన సైకిలు షాపు మెకానిక్ చార్లీ టేలర్ పేరు ఎవరికీ తెలియదు. ఆయన పుట్టినరోజు మే 24నే మా వాళ్ల పండగ. ఆ రోజు సమోసాలు తెప్పిస్తారు, అంతే.

మా అమ్మాయిని పైలట్ ట్రైనింగుకి పంపుతున్నాం. స్కూలు మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్న శ్రీకాకుళం నుంచి ఎక్కువగా వస్తుంది. కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి, లక్షల్లో ఖర్చు, చాలామంది పొలం మీద అప్పు తెస్తున్నారు. రిసెప్షన్‌లో ఏసీ చూసి ఫీజు కట్టకండి. హ్యాంగరు చూపించమనండి. నేల మీద ఆయిలు మడుగులున్నాయా, పనిముట్ల బోర్డు మీద ప్రతి స్పానరుకీ బొమ్మ గీసి ఉందా, ఖాళీ బొమ్మ ఎదురుగా ఎవరు తీసుకెళ్లారో చీటీ ఉందా? బోర్డు మీద స్పానరు లేదు, చీటీ లేదు అంటే అది ఏ ఇంజను మూత కింద ఉందో దేవుడికెరుక.

తరవాత క్యాంటీన్లో సీనియర్ పిల్లల దగ్గర కూర్చోండి. "స్నాగ్ (విమానంలో లోపం) కనిపిస్తే పుస్తకంలో రాస్తారా, నోటితో చెప్తారా?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న చాలు. రాస్తే విమానం ఆగుతుంది, గంటలు పోతాయి, మేనేజరు చిరాకుపడతాడు. అందుకని "వచ్చాక చూద్దాంలే" అనే అలవాటు కొన్నిచోట్ల ఉంది. స్నాగ్ షీట్లన్నీ నెలల తరబడి తెల్లగా మెరిసిపోతుంటే విమానాలు ఆరోగ్యంగా ఉన్నాయని కాదు, రాయనివ్వడం లేదని. గీతలూ కొట్టివేతలూ ఉన్న పుస్తకమే నాకు నచ్చుతుంది.

మీ అమ్మాయికి ఇంకో మాట చెప్పండి. లేచే ముందు ఇంజనుని పరీక్షించే రన్-అప్‌లో మాగ్నెటోలు ఒక్కొక్కటే ఆపి చూసినప్పుడు 172ఎస్ అయితే 150 ఆర్పీఎం కంటే ఎక్కువ పడకూడదు, రెండింటికీ మధ్య 50 కంటే తేడా ఉండకూడదు. పడితే వెనక్కి తెచ్చెయ్యమనండి. ఇన్‌స్ట్రక్టరు ముఖం చూడొద్దనండి.

టేకాఫ్ అయిన వెంటనే ఆగితే వెనక్కి తిప్పి దిగలేరా?

తిప్పబోయి చాలామంది చచ్చిపోయారు. రన్‌వే వెనకే ఉంది, కళ్లకి కట్టినట్టుంటుంది, చెయ్యి దానంతటదే తిప్పుతుంది. కానీ మలుపులో ఎత్తు వేగంగా కరిగిపోతుంది, గాలి వెనక నుంచి తగులుతుంది, తొందరలో ముక్కు పైకి లాగితే రెక్క పట్టు తప్పుతుంది. 500 అడుగుల లోపు అయితే ముక్కు దించి, ఎదురుగా అటూ ఇటూ కొద్దిగా చూసి ఉన్న చోట దిగడమే. విమానం పోతే పోనీ.

మన వైపు పొలాల్లో దిగాల్సివస్తే ఎక్కడ నయం?

నెలని బట్టి ఉంటుంది. సంక్రాంతి దాటాక వరి కోసిన మడి గట్టిగా ఉంటుంది, మినుమో పెసరో వేసినా నష్టం లేదు. గట్టుకి అడ్డంగా కాకుండా గట్టు వెంబడే దిగాలి. ఆగస్టులో అదే మడి బురద, ముందు చక్రం దిగబడి విమానం పల్టీ కొడుతుంది. గోగు, మొక్కజొన్న నిలువెత్తు ఉన్నప్పుడు పైనుంచి పచ్చటి తివాచీలాగ కనిపించి మోసం చేస్తాయి. జీడి తోటలు, సరుగుడు తోపులు, ఉద్దానం కొబ్బరి వైపు ముక్కు కూడా తిప్పొద్దు. హైవే చూడ్డానికి రన్‌వేలా ఉంటుంది గానీ లారీలు, స్తంభాలు, అడ్డంగా తీగలు. తీగ పైనుంచి కనపడదు, స్తంభం కనిపిస్తే తీగ ఉన్నట్టే లెక్క.

సముద్రపు ఒడ్డున అల తడిపి వెళ్లిన ఇసక గట్టిగా ఉంటుంది, పైన పొడి ఇసక మెత్తన. వలలు, తెప్పలు, మనుషులు లేని చోటు దొరికితే బాగానే ఉంటుంది. మధ్యాహ్నాలు గాలి సాధారణంగా సముద్రం వైపు నుంచి కాబట్టి పొలంలో దిగేటప్పుడు వీలైతే ముఖం తూర్పుకి. గాలికి ఎదురుగా దిగితే నేల తగిలేటప్పటి వేగం తగ్గుతుంది.

మా ఊరి పొలంలో విమానం దిగితే మేమేం చెయ్యాలి?

ముందు బీడీలు ఆర్పెయ్యండి. పెట్రోలు రెక్కల్లో ఉంటుంది, కారుతుండొచ్చు. వెనక వైపు నుంచో రెక్క పక్క నుంచో వెళ్లండి, ముందు నుంచి కాదు. మనుషులు కదల్లేకపోతే, మంట లేకపోతే, మెడ కదపకుండా 108 వచ్చేదాకా మాట్లాడుతూ ఉండండి. మంట ఉంటే ఆలోచించకుండా లాగెయ్యండి. 112కి ఫోన్ చెయ్యండి.

విరిగిన ముక్క ఒక్కటి కూడా ఇంటికి తీసుకెళ్లొద్దు. చేటంత రేకు మీకు పనికిరాదు, దర్యాప్తు చేసేవాళ్లకి అదే కావాలి. ట్రాక్టరు కట్టి గట్టు మీదికి లాగడం లాంటి సాయాలూ వద్దు.

ప్రొపెల్లరు ఆగిపోయి ఉన్నా దాన్ని ముట్టుకోనివ్వకండి. మాగ్నెటోకి బ్యాటరీ అక్కర్లేదని చెప్పాను కదా. తాళం ఆపినట్టు కనిపించినా లోపల ఒక వైరు తెగి ఉంటే మాగ్నెటో బతికే ఉంటుంది. సెల్ఫీ కోసం ఒకడు ప్రొపెల్లరుని చేత్తో తిప్పితే సిలిండరులో మిగిలిన పెట్రోలు ఆవిరి అంటుకుని ఇంజను ఒక్క చుట్టు తిరగొచ్చు, ఆ ఒక్క చుట్టుకే చెయ్యి పోతుంది. పిల్లలు దగ్గరికి రాకుండా ముందు వైపు ఒక మంచం అడ్డం వేసి, మాట వినిపించుకోగల పెద్దాయన్ని ఎవరినైనా దాని మీద కూర్చోబెట్టండి.